రెండు నిమిషాలకే పడుకునే బ్యాటరీ

2018 మార్చి, రెండో శుక్రవారం. మెసయీద్ నుంచి దోహా వస్తున్న బస్సులో నా వెనక సీటులో ఒక తెలంగాణ మనిషి కూర్చున్నాడు. స్టేడియం పనులను వీడియో తీసేవాళ్ల దగ్గర సౌండు డ్యూటీ అట. ఒళ్లో రికార్డరు, దానికి తగిలించిన పవర్‌బ్యాంకు.

"కంపెనీ బ్యాటరీలు సొంతానికి ఇయ్యరమ్మా. గిది తక్కువ పైసలకు సస్తాల కొన్న. మా రూముల ముసలాయన మంచిగ పాడుతడు. ఇయ్యాల సాయంత్రం ఇంటికి పోతుండు, మళ్ల రాడు. నిన్న పాట రికార్డు జేస్తుంటే నడిమిల బందైంది. ఒక్క ముక్క మిగల్లే."

"రికార్డు పెట్టు నాయనా, చూద్దాం," అని గడియారం చూస్తూ పైకే లెక్కపెట్టాను. సరిగ్గా రెండు నిమిషాలకు ఆగిపోయింది.

"రికార్డరు తాగే కరెంటు తక్కువ. ఎవరూ వాడటం లేదనుకుని ఈ పవర్‌బ్యాంకు పడుకుంటోంది," అన్నాను. రాత్రిపూట చదువుకునే నా చిన్న యూఎస్‌బీ దీపాన్ని దాని రెండో రంధ్రానికి పెట్టించాను, అదీ కరెంటు తాగితే పడుకోదని. మళ్లీ లెక్కపెట్టాను. పది నిమిషాలైనా ఆగలేదు.

బిర్కత్ అల్ అవామిర్ దగ్గర దిగబోతూ దీపం పీకబోయాడు.

"ఉంచుకో. నా లెక్క మాత్రం చెరిపెయ్, పాటకు చోటుండాలి."

"చోటుకేంది అమ్మా, మస్తుంది. ముందు మీ లెక్క, ఎనక ఆయన పాట."

పాట పూర్తిగా రికార్డయిందో లేదో నాకు తెలియదు. ఆ దేశంలో తొమ్మిదేళ్ల నాలుగు నెలలు వంట చేశాను. నా గొంతు దాచుకున్నది అతనొక్కడే, పది నిమిషాలు.