బావ తీసుకున్న టైమ్ అవుట్

మా బావ వెండెల్ క్రూసా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషిని శనివారం మధ్యాహ్నమంతా నోరు మూసుకుని నిలబడమన్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ పని కోసం ఆయన ఏళ్ళ తరబడి ఎదురుచూసి మరీ సంపాదించుకున్నాడు.

పని పెద్దదేం కాదు. మా ఊరి కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో గొలుసు పట్టడం. మా ఫుట్‌బాల్ కాలితో తన్నుకుంటూ పోయేది కాదు, కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఎదుటివాళ్ళని గుద్దుకుంటూ పోయేది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి. పోయారో లేదో కొలిచే గొలుసుకి ఆ చివర మందుల షాపు ఆర్లిన్ ఉంటాడు, ఈ చివర నేనుంటాను. ఇది ఎన్నో ప్రయత్నమో చూపించే అంకెల కర్ర మా బావది. జీతం లేదు. ఆట అయ్యాక ఒక హాట్‌డాగ్ ఇస్తారు, అదీ చల్లారిపోయింది. అయినా పట్టేవాడు పోతేనో, మోకాళ్ళు అరిగి మూలపడితేనో తప్ప కొత్తవాడికి చోటు దొరకదు. బావకి ఆ కర్ర దొరికిన వారం మా అక్క ఆర్డిస్ చర్చికి రెండు కేకులు పట్టుకెళ్ళి పంచింది. మగపిల్లాడు పుట్టినప్పుడు ఒకటే పంచింది.

కర్రతో పాటు ఒక నియమం కూడా వస్తుంది. గొలుసు పట్టేవాళ్ళు ఎవరి పక్షమూ కాదు. చప్పట్లు కొట్టకూడదు, మూలగకూడదు, ఎవరికీ సలహా చెప్పకూడదు. పైగా మేము నిలబడేది మా జట్టు వైపు కూడా కాదు, మైదానానికి అవతల, వచ్చిన జట్టు కోచ్‌ల కాళ్ళ దగ్గర. మనవాళ్ళని ఎలా చితక్కొట్టాలో వాళ్ళు చెప్పుకుంటుంటే వింటూ గుడ్లప్పగించి చూడాలి.

బావ వృత్తి వేలంపాట. పశువులు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడూ పొలాలు. ఆయన గుసగుసలాడితే పక్కవీధిలో కుక్కలు లేస్తాయి. ఆ గొంతుతోనే ఇల్లు కట్టాడు, పిల్లల్ని చదివించాడు. ఆయన వేలం చాలాసార్లు చూశాను. సుత్తి దించే ముందు జనాన్ని మూడుసార్లు కలయజూస్తాడు. చెయ్యెత్తుదామా వద్దా అని నసుగుతున్న రైతు కనిపిస్తే ఆగుతాడు. "ఏమయ్యా నీలం టోపీ, ఇంటికెళ్ళాక పెళ్ళాం అడిగితే నిద్రపోయానని చెప్తావా?" అంటాడు. మరిచిపోయి పోగొట్టుకునేవాణ్ణి చూస్తే ఆయనకి తిక్క రేగుతుంది. లేక పోగొట్టుకున్నా ఫరవాలేదు, తెలివి తక్కువై పోగొట్టుకున్నా ఫరవాలేదు. చేతిలో పెట్టుకుని మరిచిపోవడం మాత్రం ఆయన దృష్టిలో పాపం.

ఆటలో కూడా ఆయన పిచ్చి అదే. ఏ ఎత్తు వెయ్యాలి, బంతి ఎవరికివ్వాలి అన్న విషయంలో బావ పది చెబితే ఏడు తప్పు. అది నేను ఆయన మొహమ్మీదే అంటాను. కానీ చివరి రెండు నిమిషాల్లో గడియారాన్ని ఎలా నడపాలో, ఎలా ఆపాలో చెప్పడంలో ఆయనకి తిరుగులేదు. ఎప్పుడు గీత దాటి బయటికి పోయి గడియారం ఆపాలి, ఎప్పుడు లోపలే పడిపోయి నడవనివ్వాలి, ఆట సగానికి ఇచ్చే మూడు టైమ్ అవుట్లనీ ఎక్కడ ఖర్చుపెట్టాలి, ఇదీ ఆయన వేదాంతం. ఇంట్లో కూడా అంతే. అక్కతో మాటా మాటా పెరిగితే రెండు చేతులూ అడ్డంగా నిలువుగా పెట్టి టైమ్ అవుట్ సైగ చేసి గ్యారేజీలోకి పోయేవాడు.

"ఈ పూటకి నీ మూడూ అయిపోయాయి. కూర్చో," అనేది అక్క. కూర్చునేవాడు పాపం. నియమం నియమమే.

కర్ర చేతికొచ్చాక ఆయనకి రెండుసార్లు చీవాట్లు పడ్డాయి. మొదటిసారి అవతలి కోచ్ ఒకే ఎత్తు మూడోసారి వేస్తుంటే, "మళ్ళీ ఎడం పక్కకేనా నాయనా," అని పైకే అనేశాడు. రెండోసారి మాటకూడా కాదు, ఒక్క మూలుగు. కానీ ఆ మూలుగు రేడియోలో వినపడింది. కాలేజీ ఆటల వ్యవహారాలు చూసే రోబెర్టా ఫాల్క్ ఆయన్ని గదికి పిలిచింది. ఆవిడ అరవదు, అదే భయం.

"వెండెల్ గారూ, మీరంటే నాకు గౌరవం. ఇంకొక్క మాట బయటికొస్తే కర్ర ఇచ్చేసి పైన జనంతో పాటు మెట్లమీద కూర్చుందురుగాని. సరేనా?"

ఆ రోజు నుంచి అక్క ఆయన చొక్కా జేబులు రెండూ గట్టి చక్కెర బిళ్ళలతో నింపి పంపేది. నోరు ఖాళీగా ఉంటే కదా తెరవడం. రెండేళ్ళు బిళ్ళలు చప్పరిస్తూ, బుగ్గ ఉబ్బించుకుని, కళ్ళతోనే తిట్టుకుంటూ గడిపాడు. రెండు పళ్ళు పుచ్చిపోయాయి గానీ కర్ర నిలిచింది. ఆ కర్రే ఆయనకి సర్వస్వం అంటే అతిశయం కాదు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ కాలేజీ జట్టులోకి పోతే మొదటి వారమే పంపించేశారట. గడ్డి మీద నిలబడే హక్కు ఆయనకి ఇన్నాళ్ళకి దొరికింది.

ఇక ఆ అక్టోబరు ఆట. వచ్చింది నది అవతలి కాలేజీవాళ్ళు. ఎనిమిదేళ్ళుగా వాళ్ళని మేము ఓడించలేదు. ఆ రోజు రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం. రెండు నిమిషాల చిల్లర ఉంది, బంతి మాదే. బంతిని పట్టుకుని మధ్యలోకి దూరి పడిపోతూ ఉంటే చాలు, గడియారం దానంతటదే నడిచిపోతుంది. మా కోచ్ కోల్బీ నార్డ్ కుర్రాడు, ముప్పై దాటలేదు. తెలివి ఎక్కువై పాస్ వెయ్యించాడు. బంతి నేల మీద పడింది, గడియారం ఆగింది. బావ నోట్లో బిళ్ళ పటుక్కున విరగడం నాకు వినపడింది.

మిగతా ప్రయత్నాల్లోనూ పది గజాలు పోలేక బంతి వాళ్ళ చేతికి పోయింది. గజం గజం తోసుకుంటూ మా వైపుకొచ్చేశారు. ఇక అక్కణ్ణించి బంతిని తన్ని మైదానం చివరి రెండు గుంజల మధ్యనుంచి పంపితే వాళ్ళకి మూడు పాయింట్లు, మాకు ఏడుపు. అయితే వాళ్ళ కుర్రాడు ఆఖరి పరుగులో గీత దాటి బయటికి పోకుండా లోపలే పడ్డాడు. గడియారం నడుస్తోంది. ఇరవై సెకన్లు. వాళ్ళ చేతిలో ఇంకా ఒక టైమ్ అవుట్ ఉంది. అడిగితే చాలు, ఆగుతుంది.

అడగాల్సిన వాళ్ళ పెద్ద కోచ్ మాకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. తెల్లజుట్టు, లావుపాటి మనిషి. గడియారానికి వీపు పెట్టి, పడిన కుర్రాడి మీద విరుచుకుపడుతున్నాడు.

"బయటికి పొమ్మని ఎన్నిసార్లు చెప్పాన్రా? టైము దండగ చేస్తున్నావని తెలుస్తోందా నీకు? టైమంటే లెక్క లేదా?"

అలా టైము విలువ గురించి ఆయన పాఠం చెబుతూ ఉంటే టైము పోతూనే ఉంది. పదిహేను. పన్నెండు. మైదానం ఆ వైపున మా ఊరు ఊరంతా ఊపిరి బిగపట్టి ఒక్కటే ప్రార్థన, ఆ ముసలాయన ఇంకాస్త తిట్టాలి. నేనూ అదే ప్రార్థించాను. బావ వైపు చూశాను. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. మొహం బీట్‌రూట్ అయింది. పది. "బావా, వద్దు," అన్నాను పళ్ళ సందున.

ముందు బిళ్ళ ఎగిరి గడ్డిలో పడింది. తర్వాత మాట వచ్చింది.

"టైమ్ అవుట్!"

నలభై ఏళ్ళు ఎద్దుల మధ్య రాటుదేలిన గొంతు. మా ముందు గీత మీద నిలబడ్డ అంపైర్ వెనక్కి కూడా తిరగలేదు. కోచ్ అరిచాడనుకుని ఈల ఊదేశాడు. ఏడు సెకన్ల దగ్గర గడియారం ఆగిపోయింది. తెల్లజుట్టు ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే తిరిగాడు. గడియారం చూశాడు, అంపైర్‌ని చూశాడు, మా బావని చూశాడు. తర్వాత టోపీ సర్దుకుని, "అవును, మేమే అడిగాం," అన్నాడు.

తన్నారు. బంతి గుంజకి తగిలి, ఒక క్షణం ఆలోచించుకుని, లోపలికే పడింది. ఒక్క పాయింటుతో పోయాం.

గొలుసు చుడుతూ ఆర్లిన్ మాకేసి చూడలేదు. ఆ చివరనుంచి అతనికి ఏం వినపడిందో నేనడగలేదు. కారెక్కాక బావ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు గానీ తాళం తిప్పలేదు.

"పిచ్చి పట్టిందా నీకు? వాళ్ళు వాళ్ళు! మనం మనం!" అన్నాను.

"తెలుసు."

"తెలిసి ఎందుకరిచావు మరి?"

"జేబులో పెట్టుకుని మరిచిపోయాడ్రా గేలన్. చూళ్ళేకపోయాను."

ఎవరికీ తెలియదు. అదే వింత. అంపైర్ దృష్టిలో కోచ్ అడిగాడు, ఊరి దృష్టిలోనూ కోచే అడిగాడు. ఆదివారం పేపర్లో ఆ తెల్లజుట్టు ఆయన్ని ఆకాశానికెత్తారు. మంచులాంటి బుర్రట. ఆఖరి టైమ్ అవుట్‌ని ఏడు సెకన్ల దాకా దాచి, మాకు తిరిగి ఆడే వ్యవధి లేకుండా చేశాడట. బావ ఆ పేరా మూడుసార్లు చదివి, పేపరు మడిచి, కాఫీ కింద పెట్టుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం మాజీ సైనికుల లెజియన్ హాలు కింద గదిలో భోజనం. ఆట మర్నాటికి మర్నాడు మా కోచ్ అక్కడికి రావాలి, ఊరి పెద్దలు చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర తింటూ ఆయన్ని తినాలి. అది ఆనవాయితీ. చిల్లీ, పక్కన దాల్చినచెక్క రోల్, మధ్యలో కోచ్. మామూలుగా మొదటి ప్రశ్న మా బావదే. ఆ రోజు అందరూ ఆయనకేసి చూశారు. ఆయన రోల్‌ని పొరలు పొరలుగా విప్పుతూ కూర్చున్నాడు.

"ఆ పాస్ నా తప్పే," అన్నాడు కోల్బీ. కుర్రాడి కళ్ళ కింద నలుపు.

"తప్పని ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు బ్యాంకు ఆయన. "నిన్ను పెట్టుకున్నది కూడా తప్పేనేమో అనుకుంటున్నాం."

"ఆ పెద్దాయన్ని చూసి నేర్చుకో బాబూ," అన్నాడు ఎరువుల డీలరు. "టైమ్ అవుట్ ఎలా దాచుకోవాలో, ఎప్పుడు తియ్యాలో. అదీ బుర్ర అంటే."

మా బావ మంచివాడే, కానీ మహాత్ముడు కాదు. కోల్బీని తిట్టినంతసేపూ కదల్లేదు. ఆ ఆఖరి మాటకి మాత్రం కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"బుర్రా? వాడికా? వాడు గడియారానికి వీపు పెట్టి పిల్లాణ్ణి తిడుతున్నాడు. వాడి దగ్గర టైమ్ అవుట్ ఉన్న సంగతే వాడికి గుర్తు లేదు. ఆ టైమ్ అవుట్ నేను తీసుకున్నాను."

అందరూ నవ్వారు. బావ హాస్యం చేస్తున్నాడనుకున్నారు. ఆయనకి ఇంకా మండింది. గుండెల నిండా ఊపిరి తీసుకుని, శనివారం ఎలా అరిచాడో అలా, అక్కడే అరిచి చూపించాడు. చెంచాలు గలగలలాడాయి. మెట్ల పైన ఎవరిదో కుక్క మొరిగింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

రోబెర్టా చివరి బల్ల దగ్గరుంది. ఆవిడ ముందు నాకేసి చూసింది. నేను నా గిన్నెలోకి చూశాను. అది చాలు ఆవిడకి.

"కర్ర స్టోరు గదిలో ఉందా, వెండెల్ గారూ?"

"ఉంది."

"అక్కడే ఉండనివ్వండి."

ఆయన తలూపాడు. కుర్చీ ఎత్తి నిలబెట్టి కూర్చున్నాడు. అంత పెద్ద మనిషీ అంత చిన్నగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు కోల్బీ అన్నాడు. "ఆయన అరవకపోయినా ఆ పాస్ వెయ్యించి ఉండకూడదు. నేను ఆయనకి అరిచే అవకాశమే ఇచ్చి ఉండకూడదు."

దాంతో ఊరు కోల్బీని వదిలేసి వారమంతా బావని తిట్టింది. గ్యాస్ బంకులో, చర్చిలో, చివరికి ఆయన వేలంలో కూడా. ఆవుని పాడుతూ ఉంటే వెనకనుంచి ఎవడో, "టైమ్ అవుట్," అన్నాడట. ఆవు అమ్ముడైంది గానీ ఆయన భోంచెయ్యలేదు. అక్క మాత్రం ఒక్కమాట అంది. "పోనీలే, ఇక అరుచుకో. మెట్ల మీద ఎవడాపుతాడు నిన్ను?"

మరుసటి శనివారం వేరే జట్టు. బావ చోట్లో ఇన్సూరెన్స్ కుర్రాడొకణ్ణి పెట్టారు. కర్రని గొడుగులా భుజాన వేసుకుని నిలబడ్డాడు. నాలుగు పాయింట్ల ఆధిక్యం, మూడు నిమిషాలు, బంతి మాది. సరిగ్గా అదే పరీక్ష. నేను మైదానం అవతలికి చూశాను. మా ఊరివాళ్ళ ఎర్ర టోపీల మధ్య ఎక్కడో చివరి వరసల్లో బావ లేచి నిలబడి ఉన్నాడు, నోటి చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని. ఇన్నేళ్ళ అరుపూ సిద్ధంగా ఉంది.

కోల్బీ బంతిని మధ్యలోకి పంపాడు. మావాడు లోపలే పడ్డాడు. ఆట మొదలుపెట్టడానికిచ్చే గడువుని ఆఖరి సెకను దాకా లాగి, మళ్ళీ మధ్యలోకి. అవతలివాళ్ళు ఒక టైమ్ అవుట్ తీశారు. మళ్ళీ మధ్యలోకి. ఇంకొకటి తీశారు. ఎవరూ గీత దాటలేదు, బంతి నేల తాకలేదు. కుర్రాళ్ళు కూడా పడ్డాక నింపాదిగా, మోకాళ్ళ నొప్పులున్న ముసలాళ్ళలా లేస్తున్నారు. వాళ్ళ మూడోదీ అయిపోయింది, మాకు పది గజాలూ దాటాయి. చివరికి మావాడు బంతి పట్టుకుని ఒక మోకాలు గడ్డి మీద ఆనించాడు, నాకు పది అడుగుల దూరంలో. అలా ఆనిస్తే ఆ ప్రయత్నం అక్కడితో సరి, గడియారం మాత్రం ఆగదు. అది సున్నాకి పోయింది. గెలిచాం.

సాయంత్రం అక్క ఇంట్లో ఊళ్ళో సగంమంది ఉన్నారు. ఎరువుల డీలరు కూడా వచ్చి బావ వీపు తట్టాడు. జనం వెళ్ళాక చూస్తే, బావ వంటింటి బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"గెలిచారుగా, ఇంకా ఏంటా మొహం?" అంది అక్క. "అరిచావా లేదా?"

"ఏముందని అరవను? వెధవ, ఒక్క తప్పు చెయ్యలేదు."

"మంచిదేగా."

"మంచిదే." ఆయన గొంతు చిన్నదైపోయింది, ఆ గొంతు చిన్నదవుతుందని నాకు తెలియదు. "నా జన్మలో అంత బాగా నడిపినవాణ్ణి చూళ్ళేదే ఆర్డిస్. ఆ మోకాలు ఆనించింది కూడా, నేను నిలబడే చోటుకి ఎదురుగానే. అది చూడ్డానికే కదా ఇన్నేళ్ళు నోరు కట్టుకుని అక్కడ నిలబడ్డాను. తీరా ఆ రోజు వచ్చేసరికి, ఎక్కడో పైన కూర్చుని, ముందువాడి టోపీ సందులోంచి చూశాను."

నాకు నోటిదాకా వచ్చిన వేళాకోళం ఒకటుంది. మింగేశాను. అక్క కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చుంది.

"నువ్వు దగ్గర్నుంచి చూశావుగా," అన్నాడు బావ నాతో. "మోకాలు ఎలా ఆనించాడో చెప్పు. మెల్లిగా చెప్పు."

చెప్పాను.