పేకముక్కల మీద పన్ను

కువైట్‌లో ఇన్‌కంటాక్సు లేదు. జీతం మొత్తం చేతికొస్తుందంటే మా ఊళ్ళో గుమాస్తాలు నోరు తెరిచేవాళ్ళు. అలాంటి దేశంలో మేము పనిగట్టుకుని పన్ను పెట్టుకున్నాం, అదీ పేకాట మీద.

ఫింటాస్‌లో మేముండే గదిలో శుక్రవారం మధ్యాహ్నాలు పోకర్ ఆడేవాళ్ళం. అందరం కడప, రాయచోటి వైపు వాళ్ళమే. గెలిచినవాడు గెలుపులో పదో వంతు అక్కడికక్కడే పాలడబ్బాలో వెయ్యాలి. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, వెళ్ళగొట్టినవాడెవడైనా వస్తే వాడి టికెట్టుకి ఆ డబ్బు. డబ్బా మా మేస్త్రి దగ్గర ఉండేది. మేము ఆయన్ని ఆఫీసరని ఆటపట్టిస్తే, ఆయన నిజమనుకుని మీసం సవరించుకునేవాడు.

మాలో అసలైన ఆటగాడు ఒక్కడే. రాయచోటి మనిషి, మిష్రిఫ్‌లో ఒక విల్లాలో డ్రైవరు. జీతమంతా భార్యకి పంపేసి ఆట మీద వచ్చేదాంతో బతికేవాడు. మాకది కాలక్షేపం, అతనికి ఉద్యోగం. పన్ను కూడా అందరికన్నా ఎక్కువ అతనే కట్టేవాడు, గొణక్కుండా.

ఇరాక్ సైన్యం వచ్చేనాటికి అతని కఫీల్ కుటుంబంతో సహా సెలవులకి దేశం దాటి ఉన్నాడు. అతని జీతం ఆగిపోయింది. మాకూ పనుల్లేవు. భయపడే ఓపిక కూడా లేక రోజూ ఆడాం. కిటికీ కింద ట్యాంకు పోతుంటే ముక్కలు పంచేవాడు పంచుతూనే ఉన్నాడు. నాకేమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదే అని కూడా అనిపించలేదు.

బ్యాంకులు మూతబడ్డాక మా దగ్గర నగదు అయిపోయింది. తర్వాత ఇస్తామని నోటిమాట మీద ఆడసాగాం. డ్రైవరు గెలుస్తూనే ఉన్నాడు. అతనికి దక్కేది మా మాటలు. మేస్త్రికి మాత్రం పన్ను నగదుగానే కావాలి.

"లెక్క చేతికి రాందే పన్నెట్ట కట్టేదన్నా?" అని ఒకరోజు డ్రైవరు అడిగాడు.

"గెలిచినావా, ల్యాదా? వసూలు చేసుకునేది నీ పని," అన్నాడు మేస్త్రి.

డ్రైవరు జేబులోంచి తీసి డబ్బాలో వేశాడు. ఆట మానుకోరాదా అన్నాను నేను. మానేస్తే మేము అతనికివ్వాల్సిన బాకీలు కూడా ఖలాస్ అన్నాడు. అలా గెలిచేకొద్దీ జేబు ఖాళీ అయింది.

ఇంతలో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్ళే బస్సులు దొరుకుతున్నాయని తెలిసింది. టికెట్టుకి డబ్బా తెరవమన్నాడు డ్రైవరు.

"కఫీల్ ఎల్లగొట్టినోళ్ళకే అది," అన్నాడు మేస్త్రి. "నిన్నెవురు ఎల్లగొట్టినారు? నీ కఫీలే ఊళ్ళో ల్యాకపాయె."

గదిలో సగం మంది ఇమ్మన్నారు. ఇవాళ ఇతనికిస్తే రేపు అందరూ చేయి చాస్తారని మిగతా సగం. టీలు తాగుతూ రోజుల తరబడి చర్చించాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మండలేదు. కువైట్ దీనారు ఇక చెల్లదని ప్రకటన వచ్చాక చర్చ దానంతటదే ఆగిపోయింది.

డ్రైవరు చేతి గడియారం ఇచ్చి ఒక సరుకుల లారీ మీద ఎక్కాడు. ఆ లారీ ఎడారిలో బోల్తా పడిందని, అతను పోయాడని, వెనక వచ్చిన మాకు జోర్డాన్ డేరాల్లో ఎవరో చెప్పారు. విని, రొట్టెల వరసలోనే నిలబడ్డాను.

యుద్ధం ముగిశాక డబ్బాలోని ఆ నోట్లు మళ్ళీ చెల్లాయి. మేస్త్రి వాటిని మాతో వచ్చేటప్పుడే దిండులో కుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. అన్నీ మార్చాడు. డ్రైవరు వేసినంతా విడిగా కట్టి, నన్ను తోడు రమ్మన్నాడు. రాయచోటిలో అతని భార్య మాకు చాప పరిచింది. మేస్త్రి కట్ట చాప మీద పెట్టాడు.

"మీ ఆయన లెక్కమ్మా. పైసా తగ్గల్యా."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "ఆయన బతికుండంగా ఇది యాడుండె?"

"నా దగ్గరేనమ్మా. బద్రంగా."

"అట్లయితే బస్సెందుకు ఎక్కల్యా అన్నా, ఆయన?"