మెర్లిన్ మద్దతు

స్కూలు బస్సు నడిపే ఆర్డిస్ కోల్‌స్టాడ్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తానన్నప్పుడు ఊళ్లో చాలామంది నవ్వి ఊరుకున్నారు. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీ ఎన్నిక ఆగస్టులో. బరిలో ముగ్గురు: పేరుమోసిన లాయరొకడు, దాణా కొట్టు మెర్లిన్ ఫోక్ట్, ఆర్డిస్. అందరికన్నా వెనకబడింది ఆవిడే.

పోలింగు దగ్గరపడ్డాక మెర్లిన్ భార్యకు తుంటి ఎముక విరిగింది. ఆయన పోటీ మానుకుని, తన వాళ్లంతా ఆర్డిస్‌కే ఓటెయ్యాలని రేడియోలో చెప్పాడు. ఆ సంబరం ఆవిడకు ఒక్క పూటే దక్కింది. చర్చి మెట్ల మీద సొంత మనుషులే నిలదీశారు.

"మన చిన్న బడి మూసెయ్యమన్నది వాడే కదా! వాడితో చేతులు కలిపావా?"

మెర్లిన్ వాళ్లేమో ఆవిడ కనబడితే మొహం తిప్పుకుపోయారు.

ఆర్డిస్ తిన్నగా దాణా కొట్టుకు వెళ్లింది. "నీ పుణ్యమా అని నా వాళ్లు దూరమయ్యారు. నీ వాళ్లు దగ్గరకి రాలేదు."

"నే చెప్పగానే ఓట్లు నడిచొస్తాయనుకున్నావా? ట్రక్కెక్కు. ఇంటింటికీ పోదాం."

ప్రతి గుమ్మంలోనూ మెర్లిన్ ఒకే మాట అన్నాడు. "బడి మూసెయ్యాలని ఇప్పటికీ అంటాను. కానీ ఫోన్ చేస్తే ఎత్తి, మనం చెప్పేది వినే మనిషి ఈవిడే."

"మూయనివ్వనని నేనూ అంటాను," అనేది ఆర్డిస్ పక్కనుంచి.

ఇద్దరూ గుమ్మంలోనే వాదించుకుంటుంటే జనం తలుపు వేసుకోవడం మరచిపోయేవారు. ఎవరూ ఎవరికీ అమ్ముడుపోలేదని రెండు వైపుల వాళ్లకీ నమ్మకం కుదిరింది.

ఆఖరికి మెర్లిన్ తల్లి అల్వీనా ఇంటికి వెళ్లారు.

"ఓటు పోస్టులో ఎప్పుడో పంపేశానురా, నీకే," అందావిడ.

"అమ్మా, నేను తప్పుకున్నాను కదే!"

"నన్నడిగి తప్పుకున్నావా?"

ఆర్డిస్‌కు నవ్వాగలేదు. అల్వీనా ఆవిడకు పెద్ద కేకు ముక్క కోసి పెట్టింది, కొడుక్కి చిన్నది.

బ్యాలెట్ మీద పేరు మిగిలిపోవడంతో మెర్లిన్‌కూ కొన్ని ఓట్లు పడ్డాయి. అయినా ఆర్డిస్ స్వల్ప తేడాతో గెలిచింది. మెర్లిన్ ఫోన్ చేసి, "తప్పుకున్నాక కూడా ఇన్ని ఓట్లా! ఉండాల్సింది," అన్నాడు.

"ఉంటే ఇద్దరం ఓడేవాళ్లం," అందావిడ.

లాయరు కూడా వచ్చి మర్యాదగా చేయి కలిపి వెళ్లాడు. అసలు ఎన్నిక నవంబరులో ఉంది. దాని సంగతి రేపు చూసుకోవచ్చని, ఆర్డిస్ చెరువు ఒడ్డున నీళ్లలో కాళ్లు పెట్టుకుని, ఉడికించిన మొక్కజొన్న పొత్తుకు వెన్న దట్టంగా రాసి తింటూ కూర్చుంది.