పసుపు మూలల పేరుచీటీలు

ఇంటికి పెళ్లి శుభలేఖ వస్తే నేను ముందు చూసేది ముహూర్తం కాదు, అట్ట మందం. మొన్న ఒక కార్డు చేతికి రాగానే, మూలలకు రాసిన పసుపు వాసనకు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పాత బడీ, స్టాఫ్‌రూములో కత్తెర పట్టుకుని కూర్చున్న విమల టీచరూ గుర్తొచ్చారు. హయత్‌నగర్ నుంచి బస్సులో వచ్చే ఆవిడ, తెలిసినవాళ్ల శుభలేఖలన్నీ పోగేసి, చీటీలుగా కత్తిరించి పిల్లలకు లెక్కలు నేర్పేవారు. "పెండ్లి అయిపాయె, ఇగ కార్డుతోని ఏం పని? పిల్లలకన్న పనికొస్తది" అనేవారు.

నేనప్పుడు కొత్త టీచర్ని. క్రమశిక్షణ అంటే ప్రాణం. నిజం చెప్పాలంటే, నా మాట నెగ్గడం ప్రాణం. నా రెండో తరగతిలో శ్రావ్య అనే పాప ఉండేది. లెక్కలు అందరికంటే ముందు చేసేది కానీ, పేరు పిలిస్తే పలకకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. పొగరనుకున్నాను. "ప్రెజెంట్ మేడం అనేదాకా నువ్వు రానట్టే" అని, ఎదురుగా ఉన్న పిల్లకు వరసగా మూడు రోజులు ఆబ్సెంట్ వేశాను. మూడో రోజు పాప బడికి రావడం లేదని ఆఫీసు వాళ్లు తల్లికి మెసేజ్ పంపారు. ఆమె మీర్‌పేట్ నుంచి ఆటోలో పడుతూ లేస్తూ వచ్చింది. "పొద్దున నేనే గేటు కాడ దింపిన గదా మేడం, నా బిడ్డ ఏది?" అంటూ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. శ్రావ్య రెండో బెంచీలోనే ఉంది. నేను తలెత్తలేకపోయాను.

ఆ గొడవలోనే అసలు సంగతి బయటపడింది. పాపకు ఆటిజం ఉందని డాక్టర్లు చెప్పారట. ఆ మాట వినగానే రెండు బడులు సీటు లేదన్నాయని, మా దగ్గర ఆ తల్లి చెప్పకుండా దాచిందట. మా కరస్పాండెంట్ "వారం చూద్దాం, క్లాసులో కలవకపోతే టీసీ తీసుకోండి" అనేశారు. నా మూలంగా ఒక పిల్ల బడి పోతుందని ఏడుపొచ్చింది. "నాకు పొగరులా కనిపించిందండీ" అని స్టాఫ్‌రూములో గొణిగాను.

"మా అక్క కొడుకును జూసి నేను గూడ మొదట్ల గట్లనే అనుకున్న" అన్నారు విమల టీచర్. "మొండితనం గాదమ్మా. మనం పిలిచేది ఆమెకు వినవడ్తది, జవాబు నోట్లకెల్లే రావాల్నంటే ఎట్ల? ఇంకో తొవ్వ దేవులాడాలె."

తర్వాత ఆ తల్లికి చాయ్ ఇప్పించి, పాపకు ఏం రాదో అడగకుండా "బిడ్డకు ఏం జేస్తె ఖుషీ?" అని అడిగారు. ఆమె "ఏ వస్తువు జాగల ఆ వస్తువు పెడ్తది మేడం. మా ఇంట్ల చెప్పులు గూడ వరసగనే ఉండాలె" అంది. అంతే, కత్తెర బయటికొచ్చింది. ఆ సాయంత్రం తరగతి మొత్తానికీ పేరుచీటీలు చేసి, "రాలేదు", "వచ్చాను" అని రెండు స్వీటు డబ్బాల మీద రాశాం. పొద్దున్నే ఎవరి చీటీ వాళ్లు మొదటి డబ్బాలోంచి తీసి రెండోదాంట్లో వేయాలి. శ్రావ్య ఒక్కదానికే చేస్తే చాలదా అన్నాను. "ఒక్కదానికే జేస్తె అందరు ఆమెనే జూస్తరు. అందరికి జేస్తె ఆటైతది" అంటూ నాకూ ఒక చీటీ రాశారు.

మర్నాడు తోపులాట అయ్యేదాకా శ్రావ్య ఆగింది. అందరూ కూర్చున్నాక వచ్చి, తన చీటీ "వచ్చాను"లో వేసి, అడ్డదిడ్డంగా పడ్డ మిగతావన్నీ సర్ది వెళ్లింది. రిజిస్టరులో ఆ టిక్కు పెట్టేటప్పుడు పట్టలేనంత సంతోషం కలిగింది నాకు.

వారం గడిచి కరస్పాండెంట్ తరగతికి వచ్చిన రోజే నేను ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమయ్యాను. పిల్లలు నా మీద ప్రేమతో నా చీటీని "వచ్చాను"లో వేసేశారట. శ్రావ్య దాన్ని తీసి "రాలేదు"లో పెట్టేసిందట. నేను చెమటలు కక్కుతూ లోపలికి రాగానే లేచి వచ్చి, నా చీటీని తిరిగి "వచ్చాను"లో వేసింది. తరగతంతా చప్పట్లు. కరస్పాండెంట్ కూడా పకపకా నవ్వేశారు. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. నేను వచ్చేదాకా తరగతి చూసుకున్న విమల టీచర్ మాత్రం నా చెవిలో "నీకన్న మంచిగ వేస్తున్నది హాజరు" అన్నారు. నిజమే. కళ్లెదుట ఉన్న పిల్లను నేను రాలేదన్నాను. ఆ పిల్ల నన్ను చూసిన మరుక్షణం నేను వచ్చినట్టు ఒప్పుకుంది.

విమల టీచర్ రిటైరయ్యారు, నేను వేరే బడికి మారాను. ఈ ఏడాది నా తరగతిలో, పిలిస్తే పలకని ఇంకో పాప చేరింది. అందుకే మొన్నటి శుభలేఖను పెళ్లి కాకముందే కత్తిరించేశాను. ముహూర్తం ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కోవాలి.