ఆలూరు బండిలో మంగంపేట దుమ్ము

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ రోజుకూ లేదు. ఆలూరు రోడ్డులో నాకొక చిన్న మెకానిక్ షెడ్డుంది. వచ్చే బండ్లలో సగానికి పైగా ముందర నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతుంటాయి. ఆ నిమ్మకాయ మార్చడంలో ఉన్న శ్రద్ధ ఇంజన్ ఆయిల్ మార్చడంలో చూపిస్తే నా దగ్గరికి రావాల్సిన పనే ఉండదని అందరినీ ఏడిపించేవాణ్ని. బండి ఆగిందంటే ఒక కారణం ఉంటుంది. ఆ కారణం బానెట్ కిందే ఉంటుంది. ఇన్నేళ్ల పనిలో నాకు అర్థమైంది ఇంతే.

ఒక్క మా అక్క బండి విషయంలో మాత్రం కారణం దొరకలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అక్క పేరు సుంకులమ్మ. బావ రంగన్న కడప వైపు మంగంపేటలో ముగ్గురాయి గనుల దగ్గర టిప్పరు నడిపేవాడు. నా పెళ్లి కాకముందు నేను కూడా కొన్నేళ్లు అక్కడే టిప్పర్ల షెడ్డులో పనిచేశాను. ఆ రాయిని పొడి చేసే మిల్లుల చుట్టూ ఎప్పుడూ తెల్లదుమ్ము లేస్తూనే ఉంటుంది. చెట్ల ఆకుల మీద అదే, హోటల్లో దోసె మీద అదే, మన కనురెప్పల మీద అదే. చూడటానికి మామూలు ముగ్గుపిండిలాగే ఉంటుంది గానీ, గుప్పెడు తీసుకుంటే ఇనుప రజను పట్టుకున్నట్టు బరువుంటుంది. ఒకసారి చేతిలో పట్టుకున్నవాడు దాన్ని ఇంకొకటి అనుకోడు.

బావ అక్కడే సంపాదించి ఒక పాత పికప్ బండి కొన్నాడు. సొంత బండి మీద పట్టుమని రెండేళ్లు తిరగలేదు, ఆయాసం పట్టుకుంది. దుమ్ము వల్ల అని ఒక డాక్టరు, బీడీల వల్ల అని ఇంకో డాక్టరు అన్నారు. ఏదైతేనేం, కడపలో ఆసుపత్రి మంచం మీదే పోయాడు. మా మేనకోడలు అప్పటికి చిన్నది.

అక్క ఆ బండి అమ్మలేదు. ఆలూరు దగ్గరున్న మా ఊరికి తెప్పించి, నా దగ్గర నడపడం నేర్చుకుని, లైసెన్సు తీసుకుంది. టమోటాలు పత్తికొండకు, ఉల్లిగడ్డలు కర్నూలుకు తోలేది. వానలు మొహం చాటేసిన ఏడు మా ఊళ్లో సగం వీధి మూటలు కట్టుకుని సుగ్గికి పోతుంది. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి వలస పోవడం. ఇంట్లో చూసే దిక్కుండదు కాబట్టి బడికి పోయే పిల్లలు కూడా వెంట పోవాల్సిందే. బండి ఉంది కాబట్టి అక్క సుగ్గికి పోలేదు, ఆమె బిడ్డ బడి మానలేదు. బండి తిరిగితే ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాస్తుంది, తిరక్కపోతే రాయదు. ఇందులో దాపరికం ఏమీ లేదు.

మంగంపేట డ్రైవర్లకు ఒక అలవాటుంది. పొద్దున బండి తీసే ముందు ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి, ముందు టైరుకేసి తట్టి, దుమ్ము రాల్చి మళ్లీ పెడతారు. అక్కడ అట్లా చేయకపోతే ఇంజనుకు గాలి అందదు. బావ ఆ అలవాటు అక్కకు కూడా అంటించిపోయాడు. ఆలూరులో ఆ అవసరమే లేదు, అయినా ఆమె రోజూ వాకిట్లో ఫిల్టర్ తీసి తట్టేది. కాగితం ఫిల్టర్‌ను అట్లా తడితే మడతలు చినిగిపోతాయని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

అందుకే మేనకోడలు పదో తరగతికి వచ్చిన ఏడు, ఉల్లి తవ్వకాలకు ముందు, బావ నాటి కంపెనీ ఫిల్టర్ తీసేసి, బయట దొరికే కాటన్ ఫిల్టర్ వేశాను. కడుక్కుని, నూనె పట్టించి మళ్లీ వాడుకోవచ్చు. తట్టే పని లేదు. పాతది పారేయబోతుంటే అక్క లాక్కుని, బావ తువ్వాల్లో చుట్టి ఇంటికి పట్టుకుపోయింది. బావ ఫోటోతో పాటు దానికి కూడా బొట్టు పెడతావా అన్నాను.

"నువ్వు గమ్మునుండు రా" అంది.

కొద్ది రోజులకే బండి మొరాయించింది. లోడుతో చిన్న ఎత్తు వచ్చినా లాగదు. వెనక నల్లపొగ. డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం. అక్క మాత్రం ఇవేవీ చెప్పలేదు.

"బండికి ఆయాసం వస్తాండాది రా. మీ బావకు ఎట్ల వస్తాండెనో అట్లే ఉండాది" అంది.

నేను నవ్వాను. అది నాకు తెలిసిన జబ్బే. కాటన్ ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే, ఆ నూనె గాలితో పాటు పోయి లోపల గాలిని కొలిచే సెన్సరుకు అంటుకుంటుంది. ఎంత గాలి వస్తోందో ఇంజనుకు తెలియక తికమక పడుతుంది. స్కానరు పెడితే అదే చూపించింది. సెన్సరుకు స్ప్రే కొట్టి శుభ్రం చేశాను, ఫిల్టర్‌లో ఎక్కువైన నూనె తీసేశాను. బండి మళ్లీ మామూలుగా లాగింది. నా గొప్ప నేనే చెప్పుకుని పంపించాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి సెన్సరు శుభ్రంగానే ఉంది. ఫిల్టర్ డబ్బా మూత తీస్తే లోపల ఎర్రటి కాటన్ కనిపించడం లేదు. దాని మీద మందంగా తెల్లదుమ్ము పట్టి ఉంది.

మా వైపు దుమ్ము నల్లగానో ఎర్రగానో ఉంటుంది. అక్క తిరిగే దారుల్లో నల్లరేగడి, ఎర్రమన్ను తప్ప ఇంకోటి లేదు. మంగంపేట నాటి పాత దుమ్ము పైపుల్లో ఎక్కడో ఇరుక్కుని ఇప్పుడు ఊడిందేమో అనుకున్నాను. కానీ ఫిల్టర్ దాటాక ఉండే పైపుల్లోది ఇంజనులోకి పోతుందే గానీ వెనక్కి రాదు. దుమ్మంతా ఫిల్టర్‌కు బయటి వైపే ఉంది. అంటే బయటి గాలితో వచ్చిందనే అర్థం. అయినా గాలి పీల్చే మూతి దగ్గర్నుంచి ఇంజను దాకా అన్నీ విప్పి, కడిగి, గాలి కొట్టి బిగించాను. మళ్లీ అదే తంతు.

తర్వాత ముగ్గుపిండి మీదికి పోయింది నా అనుమానం. అక్క పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, అక్కడే బండి స్టార్ట్ చేస్తుంది. మా దగ్గర అమ్మే ముగ్గుపిండి సున్నపురాయిది, పులుపు తగిలితే పొంగుతుంది. అక్క ఇంట్లోంచి కొంచెం ముగ్గుపిండి తెప్పించి, ఫిల్టర్‌లోని దుమ్ము పక్కన పోశాను. అక్క బండికి అప్పుడే కొత్తగా కట్టిన దిష్టి నిమ్మకాయను తెంపి రెండింటి మీదా పిండాను. బండికి కట్టిన నిమ్మకాయ నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. ముగ్గుపిండి బుసబుస పొంగింది. ఫిల్టర్‌లోది ఉలకలేదు, పలకలేదు.

పక్క వెల్డింగ్ షాపు దస్తగిరి నిలబడి చూస్తున్నాడు. కొంచెం అరచేతిలో వేసుకుని ఎగరేసి చూశాడు.

"ఇదేం మన్నప్పా, రొవ్వంతే ఉండాది గానీ శానా బరువుండాది" అన్నాడు.

ఏం మన్నో నాకు తెలుసు. మంగంపేటలో చేతికి తగిలిన బరువే అది.

ఇంక మిగిలింది మనిషి పని. మద్దిలేటి అని బండ్ల బ్రోకరు ఒకడు ఆ బండి తనకు అమ్మమని అక్క వెంట పడుతున్నాడు. బండి చెడిపోతే వాడికి చవగ్గా వస్తుంది. ఎవరితోనైనా కడప వైపు నుంచి పొడి తెప్పించి వేయిస్తున్నాడేమో అనుకున్నాను. బండిని నా షెడ్డులోనే పెట్టించి, తాళం నా జేబులో వేసుకున్నాను. ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి పెట్టాను. డబ్బాకు సన్నతీగ చుట్టి, ముడి మీద ఎర్ర పెయింటు చుక్క వేశాను. పొద్దున్నే పాత ఇనుము లోడు వేసుకుని, దస్తగిరిని పక్కన కూర్చోబెట్టుకుని నేనే పత్తికొండకు తోలాను.

పోయేటప్పుడు బండికి ఏ రోగమూ లేదు. దార్లో ఎక్కడా దిగలేదు, ఎవరినీ బండి ముట్టనివ్వలేదు. తిరిగి వస్తుంటే ఆస్పరి దాటాక మొదలైంది. ఇంజను గాలి అందక కొట్టుకోవడం నాకు కొత్త కాదు. మామూలుగా అది ఒకే తీరుగా కొట్టుకుంటుంది. ఇది మాత్రం పట్టి పట్టి లాగి, మధ్యలో ఆగి, మళ్లీ అందుకుంటోంది. ఆసుపత్రిలో బావ పక్కన కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో భయమేసింది, దాచేదేముంది.

రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాం. పెయింటు చుక్క వేసింది వేసినట్టే ఉంది. తీగ తెంచి మూత తీస్తే లోపల తెల్లగా నిండిపోయి ఉంది. అద్దం మీద, బానెట్ మీద, మా ఇద్దరి బట్టల మీద ఎర్రమన్ను తప్ప తెల్లటి చుక్క ఒక్కటి లేదు.

"దర్గా కాడికి పోదామప్పా. నెమలీకలతో తట్టిచ్చి, ఊదు పొగ ఏపిద్దాం" అన్నాడు దస్తగిరి.

ఇంకో రోజైతే ఆ మాటకు వాణ్ని ఊరంతా తిప్పి ఏడిపించేవాణ్ని. ఆ రోజు మాత్రం ఫిల్టర్ దులిపి, బండిని మెల్లగా షెడ్డుకు తోలాను.

అక్కకు జరిగింది చెప్పి, ఇంక నా చేత కాదన్నాను. పొలాల్లో తవ్విన ఉల్లి ఎదురుచూడదు, రైతులు వేరే బండ్లు మాట్లాడుకున్నారు. అక్క సుగ్గికి వస్తానని కూలీలను తోలుకుపోయే మేస్త్రీకి మాట ఇచ్చేసింది, బండి తోలుకుపొమ్మని మద్దిలేటికి కబురు పెట్టింది. మేనకోడలు పుస్తకాలన్నీ కట్ట కట్టి అటక మీద పెట్టేసిందని నా భార్య చెప్పింది.

మరుసటి రోజు పొద్దున మద్దిలేటి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి అక్క వచ్చింది, చేతిలో బావ తువ్వాలు మూట.

"బండి ఆయప్పకు ఇచ్చే లోపల ఇది ఒక్కసారి ఏసి చూడు రా. మీ బావ ఏసిండే ఫిల్టర్ తోనే పోనీ" అంది.

వాదించే ఓపిక నాకు లేదు. మూట విప్పి చూశాను. మడతలు బాగానే ఉన్నాయి. కంప్రెసరుతో లోపల్నుంచి గట్టిగా గాలి కొట్టాను. పొడి అన్నది రాలేదు. రోజూ తట్టి తట్టి శుభ్రంగానే ఉంచింది అనుకున్నాను. బిగించబోతుంటే అక్క చేయి చాపి అడిగి తీసుకుంది.

డ్రైవర్లలాగా టైరుకేసి తట్టలేదు. నేల మీద కూర్చుని, తువ్వాలు ఒడిలో పరుచుకుని, ఆ గుండ్రటి ఫిల్టర్‌ను మోచేతికి ఆనించి పట్టుకుంది. అరచేయి కొంచెం ముడిచి, కింది నుంచి పైకి మెల్లమెల్లగా తట్టింది. ఆ తట్టడం నేనింతకు ముందు చూశాను. కఫం తెగడానికి ఆసుపత్రిలో నర్సు నేర్పింది. రోజూ పొద్దున్నే బావ వీపు మీద అక్క అట్లాగే తట్టేది.

తువ్వాలు మీద తెల్లదుమ్ము రాలింది. కంప్రెసరుకు రానిది ఆమె అరచేతికి వచ్చింది. నేను, దస్తగిరి, మద్దిలేటి ముగ్గురం చూస్తుండగానే గుప్పెడు పైగా పోగుపడింది.

"అక్కా, ముందు కూడా ఇట్లే రాలుతుండేదా?" అన్నాను.

"ఈడికి తెచ్చినప్పట్నుంచి తెల్లదే రాలతాండె. నువ్వు ఎప్పుడు అడిగితివి?" అంది.

నిజమే. ఫిల్టర్ పాడవుతుందని అరిచానే గానీ, ఏం రాలుతోందో ఒక్కరోజూ వంగి చూడలేదు. మద్దిలేటి మళ్లీ వస్తానని లేచిపోయాడు. ఇంతవరకూ రాలేదు.

ఆ ఫిల్టర్‌తో బండి ఆ రోజే ఉల్లి లోడుతో కర్నూలు పోయింది. ఎక్కడా ఆగలేదు. అది నేను వివరించగలను. కంపెనీ కాగితం ఫిల్టర్‌కు నూనె బెడద లేదు, సెన్సరుకు అదే సరిపోతుంది. పొద్దున్నే తడితే రాలే దుమ్మును మాత్రం వివరించలేను. చాలా రోజులు షెడ్డుకు పోయే ముందు అక్క ఇంటికి పోయి చూసేవాణ్ని. గుప్పెడు రాలేది పోనుపోను తగ్గి చిటికెడుకు వచ్చింది. మేనకోడలు పుస్తకాలు అటక దిగాయి.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాక ఒక పొద్దున అక్క తట్టితే ఏమీ రాలలేదు. ఫిల్టర్ తిప్పి మళ్లీ తట్టింది. తువ్వాలు పరిచింది పరిచినట్టే ఉంది. చేయి దాని మీదే ఉంచుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఇంగ మీ బావకు ఊపిరి ఆడతాండాదిలే రా" అంది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఫిల్టర్ పెట్టి, బిడ్డను బడి దగ్గర దించడానికి బండి తీసింది.

అడిగినవాళ్లకు నేను కాటన్ ఫిల్టర్లు ఇప్పటికీ వేస్తున్నాను. ఎవరి బండిలోనూ ఇట్లా జరగలేదు. ఆ దుమ్ము కొంచెం ఒక మాత్రల సీసాలో పోసి పెట్టుకున్నాను. మంగంపేటలో నేను పనిచేసిన షెడ్డు యజమానికి చిటికెడు పంపితే, ఇది మన మంగంపేట మిల్లుల పొడే గదా, ఆలూరులో నీకెట్లా వచ్చిందని ఫోన్ చేసి అడిగాడు. తెలియదని చెప్పాను. అబద్ధం కాదు, ఇప్పటికీ తెలియదు.

సీసా పనిముట్ల పెట్టెలోనే ఉంది. పారేయమని దస్తగిరి అంటుంటాడు. పారేద్దామనే ఒకోసారి చేతిలోకి తీసుకుంటాను. బరువుగా ఉంటుంది. మళ్లీ అక్కడే పెట్టేస్తాను.