జనరల్ పద్‌కోల్జిన్ ఎడమచేతి తొడుగు

పారాషూటు దళంలో మేజర్ జనరల్ యెరెమెయ్ సావిచ్ పద్‌కోల్జిన్ ఎక్కడికి బయలుదేరినా ముందు ఒక నిమిషం కూర్చునేవాడు. కూర్చున్న ఆ నిమిషంలోనే ఎడమచేతి తొడుగు ఇంట్లో మరచిపోయానని గుర్తు తెచ్చుకునేవాడు. ప్రయాణానికి ముందు కాసేపు కూర్చోవడం వోల్గా ఎగువన ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. అవ్వలు పెట్టెల మీద, పిల్లలు బల్ల అంచున కూర్చుంటారు, ఆ తర్వాత లేచి ఎవరి దారిన వాళ్ళు వెళ్తారు. పారాషూట్లు కట్టుకున్న మూడువందల మందిని, ఇంజన్లు గర్జిస్తున్న విమానాల పక్కన, మంచు మీద కూర్చోబెట్టినవాడు మాత్రం పద్‌కోల్జిన్ ఒక్కడే.

ఈ అలవాటు వృద్ధాప్యంతో వచ్చిందని అనుకోవడానికి వీల్లేదు. ఆయన సహాయాధికారి కెప్టెన్ గ్లెబ్ నెఫ్యోదొవ్ ఆ విషయాన్ని కాగితాలతో సహా పరిశీలించాడు. లెఫ్టినెంటుగా ఉన్నప్పుడు పద్‌కోల్జిన్ తన పరీక్షాధికారినే కూర్చోబెట్టి ఆ పరీక్ష తప్పాడు. మేజరుగా ఉన్నప్పుడు తనిఖీకి వచ్చిన ఒక మంత్రిని బంగాళాదుంపల బస్తా మీద కూర్చోబెట్టి, ఆ మంత్రి పంట్లాముకు అంటిన మట్టి కారణంగా రెండేళ్ళు పదోన్నతి పోగొట్టుకున్నాడు. ఆయన సేవాపత్రంలో పదకొండు ప్రశంసలు, ఏడు మందలింపులు ఉన్నాయి. ఏడు మందలింపుల్లోనూ 'కూర్చోబెట్టెను' అనే క్రియాపదం ఉంది. ప్రశంసల్లో ఎక్కడా లేదు.

పెళ్ళినాడు నమోదు కార్యాలయంలో పెళ్ళికూతుర్నీ, సాక్షుల్నీ, చివరికి రిజిస్ట్రారునూ కూర్చోబెట్టి, సంతకాలకు ముందు చేతితొడుగు మరచిపోయానని మామగారిని ఇంటికి పంపాడట. అది జూలై నెల.

"జూలైలో చేతితొడుగు ఏం చేసుకుంటావయ్యా?" అని పెళ్ళికూతురు కపిటొలీనా లేచి నిలబడి అడిగింది. ఆయన కుర్చీ చూపించాడు. ఆమె మళ్ళీ కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ కాపురం ఆ పద్ధతిలోనే సాగింది.

విమానక్షేత్రంలో జరిగే తంతు ఎన్నడూ మారేది కాదు. అందరూ కూర్చుంటారు. జనరల్ వరుస పొడుగునా ఒక్కొక్కరి వంకా చూస్తూ పోతాడు. సగం నిమిషం గడిచాక కుడిచేతి తొడుగు ఎత్తిపట్టి, దాని జోడు కోసం దిక్కులు చూస్తాడు. ఆ తర్వాత వరుసలో ఎవరో ఒక సైనికుణ్ణి పిలుస్తాడు.

"నాయనా, మా ఇంటికెళ్ళి ఎడమచేతిది పట్రా. మా ఆవిణ్ణి అడుగు, ఇస్తుంది."

ఇల్లు కిలోమీటరున్నర దూరం. సైనికుడు పారాషూటు విప్పి, మంచులో పడి వెళ్తాడు. కపిటొలీనా అతణ్ణి లోపల కూర్చోబెట్టి, కేబేజీ కూరిన పిండివంట పెట్టి, జామ్ కలిపిన టీ పోస్తుంది. తొడుగు దొరకదు. అతను తిరిగొచ్చేసరికి విమానాలు వెళ్ళిపోయి, దళమంతా దూకి, నేలమీద పారాషూట్లు మడుచుకుంటూ ఉంటుంది. అప్పుడు జనరల్ కోటు లోపలి జేబులోంచి తొడుగు తీసి, ఇక్కడే ఉందే అని తనను తాను తిట్టుకుంటాడు. దారి మధ్యలో వెనక్కి తిరిగినవాడు అద్దంలో ముఖం చూసుకోవాలి, ఆ రోజు మళ్ళీ ప్రయాణం కట్టకూడదు, అన్నది కూడా అక్కడి ఇళ్ళలో ఉన్న పట్టింపే. కాబట్టి అతణ్ణి అద్దం చూసుకున్నావా అని అడిగి, బారకుకు పంపేస్తాడు. నమోదు పుస్తకంలో 'కమాండరు పని మీద' అని రాస్తారు.

నెఫ్యోదొవ్ చేతిలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉండేది. అతని అంచనాలు రెండు: జనరల్‌కు మతిమరుపు ముదురుతోంది, లేదా సోమరులను అలా నడిపించి శిక్షిస్తున్నాడు. మొదటిదానికి మందు తనే కనిపెట్టాడు. చంటిపిల్లలకు చేసినట్టు రెండు తొడుగులకూ ఒక రబ్బరు పట్టీ కుట్టించి, కోటు చేతుల్లోంచి దూర్చి పెట్టాడు. మరునాడే జనరల్ దాన్ని కత్తెరతో కత్తిరించేశాడు. ఊపిరాడటం లేదట.

"చేతితొడుగుకూ ఊపిరికీ సంబంధమేమిటి, కామ్రేడ్ జనరల్?"

"నీకు తెలీదులే, గ్లెబ్. నీకింకా ఊపిరి బాగా ఆడుతోంది."

సైనికులు ఎదురుగా కామ్రేడ్ జనరల్ అనేవారు, వెనకాల నాన్న అనేవారు. నెఫ్యోదొవ్ ఈ రెండో పిలుపును క్రమశిక్షణకు విరుద్ధమని భావించి, తొమ్మిదేళ్ళు విననట్టే నటించాడు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మాస్కో నుంచి తనిఖీ సంఘం వచ్చింది. దాని అధిపతి కర్నల్ వలెరియన్ ఇగ్నాత్యెవిచ్ బుర్మిస్త్రోవ్ నిటారుగా నిలబడే, ముక్కుసూటిగా మాట్లాడే మనిషి. పద్‌కోల్జిన్‌కు యాభై ఎనిమిదేళ్ళని, ఆయన దళం ప్రతిసారీ నిమిషం ఆలస్యంగా ఎగురుతోందని అతని దగ్గర నివేదిక ఉంది. సాయుధ సేనలో అవ్వల ఆచారాలకు చోటు లేదని భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు. రేపటి విన్యాసంలో ఒక్క సెకను ఆలస్యమైనా జనరల్‌కు పెన్షను కాగితాలు సిద్ధం చేయమని మాస్కోకు రాస్తానని కూడా చెప్పాడు. ఆ మాటల్లో దాపరికం లేదు, అన్యాయమూ లేదు. సమయం సమయమే.

"రేపొక్కరోజు కూర్చోకండి," అని నెఫ్యోదొవ్ బతిమాలాడు. "ఒక్క నిమిషం కోసం దళాన్నే పోగొట్టుకుంటారా?"

పద్‌కోల్జిన్ కూర్చోవడానికి ఒక నిమిషం పడితే ఎక్కడం ఒక నిమిషం తొందరగా కానిద్దామన్నాడు. ఆ మధ్యాహ్నమంతా మూడువందల మందీ విమానం నిచ్చెన ఎక్కుతూ దిగుతూ గడిపారు. పదమూడోసారికి ఆ నిమిషం మిగిలింది. సైనికులు నాలుకలు బయట పెట్టారు గానీ ఒక్కడు కూడా సణగలేదు. నాన్న ఉద్యోగం సంగతి అందరికీ తెలుసు.

మరునాడు చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీల దిగువన ఉంది. కర్నల్ బుర్మిస్త్రోవ్ మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని, పారాషూటు కట్టుకుని వచ్చాడు. మొదటి విమానంలో తనూ దూకుతానని, కింద దిగాకే ఆలస్యానికి సంజాయిషీ అడుగుతానని ప్రకటించాడు. దళం మంచు మీద కూర్చుంది. కర్నల్ ముఖం చిట్లించుకున్నా, నిలబడి చూడటం బాగుండదనుకున్నాడేమో, వరుస చివర తనూ కూర్చున్నాడు.

సగం నిమిషం గడిచింది. జనరల్ కుడిచేతి తొడుగు పైకెత్తాడు. నెఫ్యోదొవ్ కళ్ళు మూసుకున్నాడు.

"వలెరియన్ ఇగ్నాత్యెవిచ్," అన్నాడు పద్‌కోల్జిన్, "మీరేమీ అనుకోకపోతే, మా ఇంటికెళ్ళి నా ఎడమచేతి తొడుగు తెచ్చిపెట్టాలి. వీళ్ళ మీద నాకు నమ్మకం లేదు."

మూడువందల తలలు వరుస చివరికి తిరిగాయి. మాస్కో నుంచి తనిఖీకి వచ్చిన అధిపతిని తొడుగు కోసం పంపిన కమాండరు అంతకు ముందు ఎక్కడా లేడు. కర్నల్ ఎర్రబడ్డాడు, లేచాడు, పారాషూటు విప్పాడు. స్టాప్‌వాచ్‌ను నెఫ్యోదొవ్ చేతిలో పెట్టి, నడిచి వెళ్ళిపోయాడు. ముందే మిగిల్చుకున్న నిమిషం పుణ్యమా అని విమానాలు నిర్ణయించిన సమయానికి పదకొండు సెకన్ల ముందు లేచాయి.

విమానంలో నెఫ్యోదొవ్ చేతిలోని కర్నల్ గడియారం వంక చూశాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. అప్పుడు, ఎందుకో, కర్నల్ కూర్చున్న తీరు అతని కళ్ళముందు కదిలింది. కర్నల్ పెదవులు కదులుతూ ఉండేవి. ఐదువందల ఒకటి, ఐదువందల రెండు, ఐదువందల మూడు. తలుపులోంచి దూకాక మూడు సెకన్లు లెక్కపెట్టి పారాషూటు తెరిచే రింగు లాగడానికి ప్రతి పారాషూటు సైనికుడూ నేర్చుకునే లెక్క అది. కర్నల్ దాన్ని నేల మీద, విమానం ఎక్కకముందే, పదేపదే లెక్కపెడుతున్నాడు. చెయ్యి రింగు మీదే బిగుసుకుపోయి ఉంది.

నెఫ్యోదొవ్ సాక్ష్యాలను మొదటినుంచి మళ్ళీ పరిశీలించాడు. తొమ్మిదేళ్ళలో తొడుగు కోసం వెళ్ళినవాళ్ళు అరవై ముగ్గురు. వాళ్ళలో సోమరులు నలుగురికి మించరు. భయపడి దూకనన్నవాడి పేరు వరుస ముందు చదివి, పారాషూటు సైనికుడి గుర్తయిన చారల బనీను విప్పించి, వేరే సేనకు పంపడం అన్ని దళాల్లోనూ ఆనవాయితీ. పొరుగు దళాల్లో అలాంటివాళ్ళు ఏటా ఉండేవారు. పద్‌కోల్జిన్ దళంలో తొమ్మిదేళ్ళలో ఒక్కడూ లేడు. అరవై ముగ్గురూ వారం తిరగకముందే దూకారు. కపిటొలీనా టీ పోస్తూ వాళ్ళకు ఏం చెప్పేదో ఎవరూ బయటపెట్టలేదు.

ఎర్ర దీపం వెలిగి, పచ్చదీపం వెలిగింది. మూడువందల మంది దూకారు. మూడువందల గొడుగులూ నీలాకాశంలో విచ్చుకున్నాయి. ఒక్కడు కూడా దిగాల్సిన చోటు చుట్టూ గీసిన గీత దాటి దిగలేదు. నెఫ్యోదొవ్ నడుము లోతు మంచులోంచి లేచి జనరల్ దగ్గరికి నడిచాడు.

"కామ్రేడ్ జనరల్, తొడుగు మీ జేబులోనే ఉందని మీకు తెలుసు."

"తెలుసు."

"మొదటినుంచీ తెలుసా?"

"ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. నీకు తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అందుకే నువ్వింకా కెప్టెన్‌వి."

కర్నల్ బుర్మిస్త్రోవ్ గంట తర్వాత వచ్చాడు. మీసాల మీద కేబేజీ తునక ఉంది. తొడుగు ఇంట్లో లేదని, జేబులో చూసుకోమని కపిటొలీనా గారు చెప్పమన్నారని అన్నాడు. జనరల్ జేబులోంచి దాన్ని తీశాడు. ఇద్దరూ దాని వంక చూశారు.

"అద్దంలో చూసుకున్నారా?" అని పద్‌కోల్జిన్ అడిగాడు.

"చూసుకున్నాను," అన్నాడు కర్నల్. "చాలాసేపు."

ఆ సాయంత్రం నివేదిక మాస్కోకు వెళ్ళింది. దళం సమయానికి ముందే ఎగిరిందని, జనరల్ పద్‌కోల్జిన్‌ను కమాండులో కొనసాగించాలని అందులో ఉంది. ఎక్కే ముందు దళం కూర్చునే నిమిషానికి 'తుది పరిశీలన' అని పేరు పెట్టి, ఇతర దళాలు కూడా పాటించాలని కర్నల్ సిఫార్సు చేశాడు. పద్‌కోల్జిన్ సేవాపత్రంలో 'కూర్చోబెట్టెను' అనే మాట మొదటిసారి ప్రశంసలోకి ఎక్కింది.

మూడోరోజు కొత్తగా చేరినవాళ్ళ శిక్షణ ఉంది. అడగకుండానే కర్నల్ వచ్చి వరుస చివర నిలబడ్డాడు. పదకొండేళ్ళుగా దూకనివాడు ఆ రోజు దూకాడు. కాస్త వంకరగా దిగాడు, కాని దిగాడు. అక్కడ మొదటిసారి దూకినవాడికి ఒక సన్మానం ఉంది. సార్జెంటు అతణ్ణి వంగమని, మడిచిన అదనపు పారాషూటు సంచితో వెనకవైపు ఒక్కటి గట్టిగా వేస్తాడు. కొత్తవాళ్ళు వరుసగా వంగారు, దెబ్బ తిన్నారు, నవ్వుతూ లేచారు. చివర కర్నల్ మిగిలాడు. సార్జెంటు సంచి పట్టుకుని ఏం చేయాలో తోచక జనరల్ వంక చూశాడు.

పద్‌కోల్జిన్ న్యాయంగా తీర్పు చెప్పాడు. పదకొండేళ్ళు దూకనివాడు కొత్తవాడో పాతవాడో నిబంధనల్లో ఎక్కడా రాసిలేదని, అది ఆ మనిషే చెప్పాలని అన్నాడు.

కర్నల్ టోపీ తీసి నెఫ్యోదొవ్ చేతికిచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగాడు.

"కొత్తవాణ్ణే," అన్నాడు. "కానివ్వోయ్. హోదా చూసి తగ్గించావంటే నివేదిక రాస్తా."

సార్జెంటు ఏమాత్రం తగ్గించలేదు. తిరుగు ప్రయాణంలో, మాస్కో రైల్లో పెట్టె అటెండరమ్మ గాజుగ్లాసులో టీ తెచ్చి, సుఖంగా కూర్చుని తాగండి అంది. కర్నల్ బుర్మిస్త్రోవ్ కిటికీ దగ్గర నిటారుగా నిలబడి, "వద్దమ్మా, నేను నిలబడే వెళ్తాను," అన్నాడు. పతకం వచ్చినవాడు కూడా అంత గర్వంగా మాట్లాడడు.