కటెంబే రేవులో మా కుక్క

నల్లవాళ్ళు మొదటిసారి ఓటేసిన ఎన్నికలైన మరుసటేడు ఒక తెల్ల కుటుంబం మూటాముల్లె సర్దుకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తమ క్యాంపర్ వ్యాన్ అమ్మకానికి పెట్టింది. దాన్ని బావ కొన్నాడు. బావ అంటే నాకు చుట్టమేం కాదు. ఇండియా వాళ్ళుండే ఖర్వాస్తాన్ పేటలో వాళ్ళ పెరట్లో విడిగా కట్టిన గదిలో నేను అద్దెకుండేదాన్ని. కాకినాడ నుంచి లెక్కలు చెప్పడానికి కొత్తగా దిగిన టీచర్‌ని. ఇంటావిడను అక్కా అన్నాను కాబట్టి ఆయన బావయ్యాడు. క్లెయిర్‌వుడ్‌లో కూరగాయలు పండించిన కుటుంబం ఆయనది. ఆ తోటలు ఫ్యాక్టరీల పాలయ్యాక ఇటు వచ్చారు.

నాకు చిన్నప్పటి నుంచీ ఏది కనిపించినా తెరిచి చూడకపోతే తోచదు. ఆ వ్యాన్ నాకోసమే తయారైనట్టుండేది. ఎక్కడ చెయ్యి పెట్టినా ఏదో ఒకటి తెరుచుకునేది. బల్ల మడిస్తే మంచం, మంచం ఎత్తితే కింద బియ్యం డబ్బా పట్టే గూడు. సింకు పక్క సొరుగులో పాత యజమానులు మరిచిపోయిన గుడ్డు ముక్కలు కోసే తీగల పరికరం ఒకటి దొరికింది. అదేమిటో తేల్చుకోవడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

మొదటి ప్రయాణం ఎక్కడికన్న దగ్గర బావ ఎవరి మాటా వినలేదు. "మా తాత ఇండియా నుంచి కూలీగ వచ్చి షిప్పు దిగినోడు. మళ్ళ మా ఫ్యామిలీల ఎవురూ షిప్పు ఎక్కలే, చెల్లీ. ఐ మస్ట్ గో, బార్డర్ దాటి, వాటర్ మీద," అన్నాడు. వ్యాన్‌తో సహా ఎక్కగలిగే ఓడ దగ్గర్లో ఎక్కడుందని ఆరా తీస్తే పక్క దేశపు రాజధాని మపూటోలో ఉందని తేలింది. ఆ ఊరికీ, అవతలి ఒడ్డున ఉన్న కటెంబేకీ మధ్య సముద్రపు పాయ మీద తిరిగే ఫెర్రీ. మొజాంబిక్‌లో యుద్ధం ఆగింది, వెళ్ళిరావచ్చని అందరూ అంటున్న రోజులు. నన్ను కూడా రమ్మన్నారు. పిలవకపోయినా వెళ్ళేదాన్నే.

కుక్క లేకుండా అక్క గడప దాటదు. వాళ్ళకు పిల్లల్లేరు. గోధుమరంగు ఊరకుక్క, ఒక చెవి నిలబడి ఉంటే ఒక చెవి వాలి ఉండేది. అక్క దాన్ని "బిడ్డా" అనే పిలిచేది. ఆ పిలుపు విని మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత మానేశాను. దానికి జ్వరం వచ్చిన వారం అక్క ముఖం చూశాను కదా.

అక్కావాళ్ళది పెంతెకొస్తు చర్చి. ఆ ఇంట్లో ప్రార్థన కాకుండా మెతుకు ముట్టరు. కుక్కను కూడా అలాగే పెంచారు. గిన్నె ముందు పెట్టినా చొంగ కార్చుకుంటూ కూర్చునేదే గాని, ఆమెన్ అనేదాకా మూతి పెట్టేది కాదు. ప్రార్థన మాత్రం ఇంగ్లీషులో కాదు, వాళ్ళమ్మ నేర్పిన తెలుగులో: "తండ్రీ, బువ్వ పెట్టినావు, ఆకలి తీర్చినావు, లేనోళ్ళకి గూడా పెట్టు." ఈ మాటలు చర్చివాళ్ళవేనా అని ఒకసారి గుచ్చి గుచ్చి అడిగాను. అక్క కాస్త సిగ్గుపడింది. "ముందు రామయ్య తండ్రీ అని ఉండె. అమ్మ చర్చికి వచ్చినాక రామయ్యని తీసేసె. తండ్రిని ఉంచె," అంది. నాకు ఎంత ముచ్చటేసిందో! దేవుణ్ణి నమ్మని నేను కూడా ఆ ప్రార్థన కంఠతా పట్టేశాను.

స్వాజీలాండ్ మీదుగా వెళ్ళాం. ఆ రోజుల్లో అటూ ఇటూ పిచ్చికుక్కల భయం ఎక్కువ. సరిహద్దు దగ్గర ఆఫీసరు కుక్క టీకా కాగితం రెండుసార్లు చదివి, దాని నోట్లోకి తొంగిచూసి మరీ వదిలాడు. మపూటోలో ఫెర్రీ ఎక్కినప్పుడు బావ వ్యాన్ తలుపు తెరిచి, చెప్పులు విడిచి, కాలు ఓడ మీద మోపాడు. నేనేమో బండ్లెక్కాక ఓడను మూసే ఆ ఇనుప తలుపు ఎలా పైకి లేస్తుందో, నీళ్ళెందుకు లోపలికి రావో చూడ్డంలో పడ్డాను.

గొడవ తిరుగు ప్రయాణంలో వచ్చింది. బండ్లు ముందు ఎక్కుతాయి, మనుషులు తర్వాత నడిచి ఎక్కాలి. బావ వ్యాన్‌ను వెనక్కి నడుపుతూ ఎక్కిస్తుంటే, అక్క ఓడ మీద నిలబడి "రైట్, రైట్" అంటోంది. కుక్క ఒడ్డున నా దగ్గరుంది. ఉన్నట్టుండి ఫెర్రీ హారన్ మోగింది. కుక్క అదిరిపడి, మెడపట్టీలోంచి తల లాక్కుని పరుగు లంకించుకుంది. దాని వెనక నేను. తిరిగి చూసేసరికి మనుషులంతా ఎక్కేశారు, ఇనుప తలుపు లేచింది, ఓడ కదిలింది. కమ్మీ పట్టుకుని అక్క అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "చెల్లీ, నా బిడ్డ! నా బిడ్డని పట్టుకో!"

రేవు వెనక గుడిసెల మధ్య వెతికాను. ఒకచోట మనుషులు గుంపుగా మూగి ఉన్నారు. చేపలు కాల్చి అమ్మే ఆవిడ పొయ్యి ముందు మా కుక్క బుద్ధిగా కూర్చుని ఉంది. ఆవిడ జాలిపడి దాని ముందు ఒక చేప పడేసిందట. అది తినడం లేదు. చేప వంకే చూస్తూ, నోటినిండా చొంగ కారుస్తూ, వణుకుతోంది. చుట్టూ నలుగురు మగవాళ్ళు కర్రలతో నిలబడ్డారు.

"లో ఇంజా యెనా గూలా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. ఈ కుక్కకు జబ్బు అని. ఒకప్పుడు మా వైపు గనుల్లో పనిచేసినవాడు, అక్కడి ఫనకలో భాష మాట్లాడుతున్నాడు. మా స్కూలు తోటమాలిని విసిగించి నేర్చుకున్న ముక్కలు నాకూ కొన్ని వచ్చు. "హైకోనా, హైకోనా," జబ్బు కాదు కాదు అని అరిచాను. తినని కుక్క, చొంగ కార్చే కుక్క. వాళ్ళ స్థానంలో నేనున్నా కర్ర తీసేదాన్నే. ఒకడు అప్పటికే చెయ్యి పైకెత్తాడు.

"ఆమెన్!" అన్నాను కుక్కతో. కదల్లేదు. "ఆమెన్, ఆమెన్, తిను, నీ మొహం మండా!" అన్నాను. నా వంక చూసి మళ్ళీ చేప వంక చూసింది. ప్రార్థన లేని ఆమెన్ దాని లెక్కలో ఆమెనే కాదు. కోపం, భయం రెండూ కలిసి ఏడుపొచ్చింది. ఇక చేసేది లేక కుక్కకూ కర్రలకూ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాను. "తండ్రీ, బువ్వ పెట్టినావు..."

నా వెనక సద్దుమణిగింది. కళ్ళు కొంచెం తెరిచి వెనక్కి చూశాను. పెద్దాయన టోపీ తీశాడు. కర్ర ఎత్తినవాడు దాన్ని చంకలో పెట్టుకుని తల వంచాడు. నేను ఆమెన్ అనగానే అందరూ "ఆమెయిన్" అన్నారు. కుక్క చేపను ముళ్ళతో సహా మింగేసింది. అందరూ ఒక్కసారిగా నవ్వేశారు. నేను దాని మెడకు పట్టీ మళ్ళీ బిగించి అక్కడే చతికిలబడ్డాను.

చేపకు డబ్బులివ్వబోతే ఆవిడ నా చెయ్యి నెట్టేసి పెద్దాయనతో ఏదో చెప్పింది. ఆయన నాకర్థమయ్యేలా మెల్లగా చెప్పాడు. యుద్ధం రోజుల్లో ఈవిడ భర్త చేపలు అమ్మడానికి ఫెర్రీ ఎక్కి అవతలికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. నువ్వు ప్రార్థన చేసే మనిషివి కదా, ఆయన కోసం కూడా ఒకటి చెయ్యమంటోంది.

నేను ప్రార్థన చేసే మనిషిని కాను. నాకొచ్చింది అన్నం ముందు చెప్పేది ఒక్కటే. అంత మాట చెప్పడానికి నా ఫనకలో చాలలేదు. ఆవిడ ముఖం చూశాక చెప్పాలనీ అనిపించలేదు. ఆవిడ నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. మసితో గరుకుగా, వెచ్చగా ఉంది ఆ చెయ్యి. అక్కావాళ్ళమ్మ మాటలన్నీ మళ్ళీ చెప్పి, చివర ఆగి, "ఈవిడ మనిషిని ఇంటికి పంపించు," అని నా తెలుగులో కలిపాను. ఎవరికి చెప్పానో నాకు తెలియదు. మనస్ఫూర్తిగా చెప్పానని మాత్రం తెలుసు.

అప్పటికి ఫెర్రీ మళ్ళీ ఒడ్డుకు వచ్చింది. ఇనుప తలుపు పూర్తిగా దిగకముందే అక్క దూకి, "బిడ్డా!" అంటూ పరుగెత్తుకొచ్చింది. కుక్క ఆమె మీదకు ఎగబాకింది. ఇద్దరినీ చూసి నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. చేపలావిడ లేచి నిలబడి, రేవు వైపు తిరిగి, ఫెర్రీ దిగేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది. చివరి మనిషి దిగేదాకా చూసి, అప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళింది.